కడుపుతో ఉన్నప్పుడు పుట్టగొడుగులు తినొచ్చా?

వేవిళ్ళు తగ్గి నోటికి కాస్త రుచి తెలిసే రోజుల్లో పుట్టగొడుగుల కూర మీద మనసు పోతే, ఇంట్లో వెంటనే రెండు పక్షాలు తయారవుతాయి. ''బిడ్డకు పడదు'' అని అత్తగారు. ''మాంసంతో సమానం, తినిపించండి'' అని పక్కింటి పిన్నిగారు. నన్నడిగితే ఇద్దరి మాటా సగమే నిజం. ఏ పుట్టగొడుగు, ఎలా వండారు అన్నదే అసలు సంగతి.

బజారులో ప్యాకెట్లలో దొరికే బటన్, ముత్యపు చిప్ప, పాల పుట్టగొడుగులు పెంచినవే కాబట్టి తాజాగా తెచ్చి బాగా ఉడికిస్తే మామూలుగా భయం లేదు. ఎప్పుడైనా పడకపోయిన వాళ్ళు మాత్రం జోలికి పోవద్దు. మాంసంతో సమానం అనడం అతిశయోక్తే. నూటికి తొంభై పాళ్ళు నీరే! వంద గ్రాములు తింటే మూడు గ్రాముల మాంసకృత్తులు వస్తాయంతే. వీటిని నమ్ముకుని ఐరన్ మాత్రలు మానేయకండి.

పచ్చివి మాత్రం వద్దు. లిస్టీరియా అనే క్రిమి ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరుగుతుంది. తల్లికి కాస్త జ్వరం, ఒళ్ళునొప్పులతో పోయినా కడుపులో బిడ్డకు ప్రాణాపాయం. 2020లో అమెరికాలో బయటపడిన ఉదంతంలో సన్నటి తెల్లకాడల్లా ఉండే ఎనోకి పుట్టగొడుగుల వల్ల 36 మందికి ఈ జబ్బు సోకింది. అందులో ఆరు కేసులు గర్భానికి సంబంధించినవి, రెండు గర్భాలు నిలవలేదు. ఆ ఎనోకి ఇప్పుడు మన నగరాల్లోనూ అమ్ముతున్నారు. అయితే ఈ క్రిమి బాగా ఉడికిస్తే చస్తుంది. నేనైతే కుళాయి కింద కడిగి, ముక్కలు కోసి, మూకుట్లో అవి వదిలిన నీరంతా ఇగిరేదాకా వేయించాకే మసాలా వేస్తాను. జిగురొచ్చినవి, వాసన వేసేవి అవతల పారేయడమే.

నాకు భయమంతా తొలకరికి చేలగట్ల మీద, చెట్ల కింద ఏరుకొచ్చేవాటితోనే. పుట్టల మీద మొలిచేవి మంచివే, ఎన్నో తరాలు తిన్నాయి. కానీ వాటి పోలికతోనే విషపువీ ఉంటాయి. వెండి చెంచా వేస్తే నల్లబడుతుందని, వెల్లుల్లి రంగు మారుతుందని, పురుగు తిన్నది మంచిదని మన పెద్దవాళ్ళు చెప్పే పరీక్షలేవీ పనిచేయవు. ప్రాణాలు తీసే రకాల్లోని విషం ఎంత ఉడికించినా పోదు. అందుకే పురిటికి పుట్టింటికి వచ్చిన అమ్మాయికి, ఎంత తెలిసినవాళ్ళు తెచ్చినా, ఏరినవి పెట్టొద్దనే అంటాను.

పొరపాటున తింటే? ఈ విషం వెంటనే బయటపడదు. ఆరు గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటికి వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. తర్వాత తగ్గినట్టే ఉంటుంది, లోపల కాలేయం మాత్రం దెబ్బతింటూనే ఉంటుంది. తగ్గిందిలే అని ఇంట్లో కూర్చోకండి. అసలు అనుమానం రాగానే, వాంతులకోసం ఎదురుచూడకుండా పెద్దాసుపత్రికి వెళ్ళాలి. వండగా మిగిలిన పుట్టగొడుగు ఒక్కటున్నా కాగితంలో చుట్టి వెంట తీసుకెళితే, అదేమిటో గుర్తుపట్టడానికి డాక్టర్లకు పనికొస్తుంది. కూర తిన్న మిగతావాళ్ళనూ, ఏ బాధా లేకపోయినా, వెంటబెట్టుకు వెళ్ళండి.