ఆనకట్ట నీళ్లు ఎవరి చేలకు?

1908లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తింది. ఆ ముప్పు మళ్లీ రాకుండా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. నగరానికి వరద భయం తగ్గింది, తాగునీరు దొరికింది. పెద్ద జలాశయాలతో మేలే లేదనలేం. అయితే ఆ నీటిని కాపాడేందుకు 1996లో తెచ్చిన 111 జీవో ఆంక్షలు మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతాలు సహా 84 గ్రామాల మీద పడ్డాయి. మేలు ఒకచోట, భారం మరోచోట.

ఉమ్మడి రాష్ట్రంలో తలపెట్టిన అంబేద్కర్ ప్రాణహిత-చేవెళ్ల పథకం లక్ష్యం 16.40 లక్షల ఎకరాలు. తుమ్మిడిహెట్టి నుంచి బయల్దేరే నీటికి చివరి మజిలీ చేవెళ్ల. రీడిజైన్‌తో 2016లో అది కాళేశ్వరం అయింది. ఆ నీటి దారిలో చేవెళ్ల లేకుండా పోయింది. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి.

నీళ్లొచ్చినా అందరికీ ఒకేలా అందవు. ఆయకట్టును ఎకరాల్లో లెక్కిస్తారు. సెంటు భూమి లేని దళిత కూలీ ఆ లెక్కలో ఉండడు. పనిచేసే చేను మునిగితే మాత్రం ముందు పోయేది అతని కూలే.

2013 భూసేకరణ చట్టం ఈ అన్యాయాన్ని కొంత గుర్తించింది. భూమి లేకున్నా, సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడి పని మీదే ప్రధానంగా బతుకుతున్న కూలీలు, కౌలుదార్ల కుటుంబాలూ బాధిత కుటుంబాలే. అసైన్డ్ భూమి ఉన్నవాళ్లూ అంతే.

కాబట్టి ప్రాజెక్టు మాట వస్తే ఎన్ని టీఎంసీలు అని అడిగి ఊరుకోవద్దు. బాధితుల జాబితాలో మన వాడ పేర్లు ఎన్ని ఉన్నాయో అడగాలి.