అహోబిలం కొండకు ఏ చెప్పులు?

సెలవులు వచ్చాయంటే నంద్యాల, ఆళ్ళగడ్డ కుటుంబాలు అహోబిలం బయలుదేరతాయి. మొక్కుకు వెళ్ళేవారు కొందరు, నల్లమల అడవి చూడబోయే యవ్వనస్థులు కొందరు. ఎగువ అహోబిలం వరకు బస్సు ఉంది. అసలు నడక ఆ తరువాతనే. జ్వాలా నరసింహ స్వామి గుడి దారి భవనాశి వాగు వెంబడి రాళ్ళ మీదుగా పోతుంది. ఉగ్రస్తంభం దారి ఇంకా నిటారు.

ఈ దారికి హవాయి చెప్పులు పనికిరావు. మడమను పట్టి ఉంచే పట్టీ ఉండదు. తడిస్తే పాదం చెప్పులోనే జారి చీలమండ బెణుకుతుంది. నున్నని సోలు ఉన్న ఆఫీసు బూట్లు తడి రాతి మీద నిలవవు. అలాగని వేలు పోసి ట్రెక్కింగ్ బూట్లు కొనమని మేము చెప్పడం లేదు. అడుగున లోతైన గాళ్ళున్న రబ్బరు సోలుతో, లేసులు కట్టే బూట్లు చాలు. చేతులతో వంచి చూడండి. వేళ్ళ దగ్గర వంగాలి గాని నడిమధ్య మడత పడకూడదు.

బూట్లు సాయంత్రం పూట కొనండి. పగలంతా తిరిగిన పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. మేజోళ్ళు తొడుక్కొని, నిలబడి సరిచూసుకోవాలి. అన్నిటికన్నా పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. లేకుంటే కొండ దిగేటప్పుడు వేళ్ళు బూటుకు తగిలి గోళ్ళు నల్లబడతాయి. దిగే ముందు చీలమండ దగ్గర లేసులు మరికాస్త బిగించండి. కొత్త బూట్లను రెండు వారాలు ఊర్లో వాడి, ఆ తరువాతే కొండకు వేసుకోండి. వాగులో మేజోళ్ళు తడిస్తే మార్చుకోవాలి, తడి మేజోళ్ళతో నడిస్తే బొబ్బలు త్వరగా లేస్తాయి.

షుగర్ ఉన్నవారి సంగతి వేరు. చాలా ఏళ్ళుగా షుగర్ ఉంటే పాదాలకు స్పర్శ తగ్గవచ్చు. బూటులో గులకరాయి పడినా, ఎండకు కాలిన బండ మీద అరికాలు బొబ్బలెక్కినా తెలియదు. 1946 నుండి వెల్లూరు సి.యం.సి.లో పనిచేసిన డా. పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల పాదాలలో దీనినే చూశారు. పుండ్లకు ముఖ్య కారణం నొప్పి తెలియకపోవడమేనని ఆయన గుర్తించారు. కుష్ఠు రోగులకు ఇచ్చే మెత్తని ఎం.సి.ఆర్. చెప్పులనే ఈనాడు షుగర్ పాదాలకూ ఇస్తున్నారు. అయితే అవి ఇంటికి, వీధికి సరిపోతాయి, రాళ్ళ కొండకు కాదు.

కనుక షుగర్ ఉన్నవారు ప్రయాణానికి ముందే పాదాలు పరీక్ష చేయించుకోండి. స్పర్శ లేదని తేలితే ఎగువ గుడి దగ్గరే ఆగిపోవడం మేలు. మొహమాటపడకండి, పిల్లలు పైకి వెళ్ళి వస్తారు. బూటు తొడిగే ప్రతిసారీ లోపల చేయి పెట్టి తడిమి చూడండి. గుడి దగ్గర చెప్పులు విడిస్తే నీడపట్టునే నడవండి. ఇంటికి వచ్చాక అరికాళ్ళు, వేళ్ళ సందులు చూసుకోండి. కనబడకపోతే అద్దం పెట్టుకోండి, లేదా ఇంట్లోవారిని చూడమనండి. బొబ్బ ఉంటే గిల్లవద్దు, వేడినీళ్ళ కాపడం పెట్టవద్దు. శుభ్రమైన గుడ్డ కట్టి, నొప్పి లేకపోయినా ఆ రోజే ఆసుపత్రికి రండి.