ప్లగ్గులోని దోమల మందు, పత్తి చేలోని పురుగుమందు

 చాలా ఇళ్లలో ప్లగ్గుకు గుచ్చే దోమల మందు మామూలే. సీసా వెనక చిన్నక్షరాల్లో ఎక్కువగా కనిపించే పేరు ట్రాన్స్‌ఫ్లూత్రిన్. గుంటూరు జిల్లాలో పత్తి మీద కొట్టిన సైపర్‌మెత్రిన్‌కు ఇది దగ్గరి చుట్టం.

రెండూ ఎస్టర్లే, అంటే ఒక ఆమ్లం, ఒక ఆల్కహాల్ కలిసి ఏర్పడినవి. ఆమ్లం వైపు రెండింటికీ ఇంటిపేరు ఒకటే. మూడు కార్బన్ల చిన్న వలయం, దానికి రెండు మిథైల్ గుంపులు, ఇంకో పక్క రెండు క్లోరిన్లున్న తోక. తేడా అంతా ఆల్కహాల్ వైపే ఉంది. ట్రాన్స్‌ఫ్లూత్రిన్‌లో అక్కడ నాలుగు ఫ్లోరిన్లున్న ఒకే బెంజీన్ వలయం ఉంటుంది. అణుభారం 371. కాస్త వేడి తగిలితే ఆవిరై గదిలో పరుచుకుంటుంది. సైపర్‌మెత్రిన్ అణుభారం 416. అందులో రెండు బెంజీన్ వలయాలు, ఒక సయనో గుంపు ఉంటాయి. అది గాల్లోకి లేవదు, ఆకును అంటిపెట్టుకుంటుంది. సయనో అనగానే సయనైడ్ గుర్తొస్తుంది గానీ, ఈ మందు పురుగును చంపే దారి వేరు.

నరాల్లో సోడియం రాకపోకలకు ద్వారాలుంటాయి. ఈ రెండు మందుల కుటుంబమైన పైరెత్రాయిడ్లు వాటిని సమయానికి మూసుకోనివ్వవు. సయనో గుంపు లేని మొదటి రకం మందులతో నరం పదేపదే స్పందించి పురుగు వణికిపోతుంది. సయనో ఉన్న రెండో రకం ఆ ద్వారాన్ని ఇంకా ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ట్రాన్స్‌ఫ్లూత్రిన్ మొదటి రకం, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ రెండో రకం. మన శరీరంలోని ఎంజైములు ఈ ఎస్టర్ బంధాన్ని త్వరగా తెంచేస్తాయి. చేపలకు ఆ వెసులుబాటు చాలా తక్కువ.

వీటి మూలం చామంతి జాతి పువ్వు. అందులోని సహజ మందులైన పైరెత్రిన్ల నిర్మాణం మీద రసాయన శాస్త్రవేత్తలు స్టౌడింగర్, రుజిచ్కా చేసిన పని 1924లో అచ్చయింది. పువ్వు మందుతో చిక్కేమిటంటే, ఎండకు విరిగిపోతుంది. 1973లో ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్‌లో మైకేల్ ఎలియట్ బృందం ఎండకు నిలిచే పెర్మెత్రిన్‌ను వెలువరించాకే ఈ మందులు ఇల్లు దాటి పొలానికి వెళ్లాయి.

నిర్మాణాన్ని బట్టి ఈ కుటుంబానికి గీసిన గీత మాత్రం నిలవలేదు. ఫెన్‌వలరేట్‌లో ఆ మూడు కార్బన్ల వలయమే లేదు. ఇటోఫెన్‌ప్రాక్స్ అసలు ఎస్టరే కాదు. అయినా పురుగుమందుల నిరోధకతను గమనించే అంతర్జాతీయ సంఘం ఐరాక్ వీటన్నిటినీ 3ఎ గుంపులో పెట్టింది. నిర్మాణంలో ఏ పోలికా లేని డీడీటీ 3బిలో ఉంది, కారణం అదీ ఆ సోడియం ద్వారం మీదే పనిచేయడం. నా దృష్టిలో రైతుకూ గృహిణికీ పనికొచ్చే వర్గీకరణ ఇదే.

అది ఎందుకు పనికొస్తుందో 1987-88లో ఆంధ్ర పత్తి రైతుకు తెలిసొచ్చింది. కోస్తా జిల్లాల్లో శనగపచ్చ పురుగు సింథటిక్ పైరెత్రాయిడ్లకు లొంగలేదు. ఒక మందు పనిచేయకపోతే మరో పేరున్న డబ్బా కొని, మోతాదు పెంచి కొట్టారు. పేర్లు వేరైనా చాలా డబ్బాల్లో ఉన్నది ఒకే గుంపు మందు. కాయ పోయింది, అప్పు మిగిలింది. ఆ ఏడాది జరిగిన పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా చర్చకు వచ్చాయి.

దోమల్లోనూ ఇదే నిరోధకత చాలా దేశాల్లో నమోదైంది. ప్లగ్గులోని మందుకు దోమ పడటం లేదని బ్రాండు మార్చేవారు ముందు రెండు సీసాల వెనకా ఉన్న రసాయనం పేరు చదవండి. రెండింటిలోనూ ట్రాన్స్‌ఫ్లూత్రినే ఉంటే ఆ డబ్బుతో దోమతెర కొనండి, కూలర్‌లో నిలిచిన నీళ్లు పారబోయండి. ఇంట్లో చేపల తొట్టి ఉంటే ఆ గదిలో ఈ మందు పెట్టకండి.