ఒంటరితనము – అల్పాయువు

చుట్టయు కల్లును ఆయువును హరించునని రైతు సోదరు లెరుగుదురు. ఒంటరితనము సైతము అట్టిదేయని మనవి చేయుచున్నాము.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున అలమీడా కౌంటీ యను ప్రాంతమందు 1965లో సుమారు 7,000 మంది స్త్రీపురుషుల జీవనవిధానమును విచారించి, 9 సంవత్సరములు గమనించిరి. ఫలితములు 1979లో వెలువడెను. దాంపత్యము, బంధుమిత్రులు, ప్రార్థనామందిరము, సంఘము అను సంబంధములు మిక్కిలి తక్కువగా గలవారిలో మరణములు, అవి సమృద్ధిగా గల సమవయస్కులలోకంటె రెండింతలకు మించెను. పొగత్రాగుట, మద్యపానము, శ్రమలేమి లెక్కలోనికి తీసికొన్నను ఆ భేదము నిలిచియే యుండెను.

జబ్బుపడిననాడు వైద్యుని పిలుచువారు, వేళకు గంజి యిచ్చువారు లేనిచో చిన్న రోగమే ముదురును గదా!

సభకు రాని ముదుసలి సభ్యుని యింటికి బాకీ వసూలునకు పోవుచునే యున్నాము. సభ్యులారా, ఈ నెలనుండి క్షేమ మరయుటకును పోవుదము.