పాదానికి తగిన పాదరక్ష

హిందీ భాషలో ఒక లోకోక్తి ఉన్నది. తన మడమ ఎన్నడూ పగలనివానికి పరుల బాధ ఏమి తెలుస్తుందని దాని భావం. ఆ పగుళ్లకు హిందీలో ‘బివాయీ’ అని పేరు. తెలుగువారికి ఇటువంటి అనుభవాన్ని స్ఫురింపజేసేది చెప్పులో చిక్కిన రాయి. దానిని సహింపరాని బాధలలో ఒకటిగా వేమన లెక్కించినాడు. రెండు భాషలవారూ బాధకు కొలమానం కోసం పాదం వైపే చూడడం గమనార్హం. అయినప్పటికీ మన దేహంలో అతి తక్కువ శ్రద్ధకు నోచుకొన్న అవయవం పాదమే. ముఖానికి అద్దం చూచుకొనేవారు ఎందరో ఉన్నారు. అరికాలిని చూచుకొనేవారు అరుదు. నడక అలవాట్లూ, పాదరక్షల ఎంపికా ఆరోగ్యంపై ఎట్టి ప్రభావం చూపుతాయో తెలుసుకొంటే ఈ ఉపేక్ష ఎంత ప్రమాదకరమో బోధపడుతుంది.

నేలను బట్టి పాదరక్ష

మన దేశంలోని శీతోష్ణస్థితులు ఎన్ని విధాలో పాదరక్షలూ అన్ని విధాలు. లడఖ్ చలికి తట్టుకొనేందుకు ఉన్నితోనూ తోలుతోనూ కుట్టిన ‘పాబు’, కాశ్మీరులో మంచుపై నడిచేందుకు వరిగడ్డితో అల్లిన ‘పుల్హోర్’, రాజస్థానంలో ‘మోజడీ’, పంజాబులో ‘జుత్తీ’ వాడుకలోకి వచ్చినాయి. దక్కను ప్రాంతంలో కొల్హాపురీ చెప్పులు ప్రసిద్ధి కెక్కినాయి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ చెప్పులు మహారాష్ట్రలోని 4 జిల్లాలకూ, కర్ణాటకలోని 4 జిల్లాలకూ ఉమ్మడి సంపద. తెలుగు పల్లెలలోని కిర్రుచెప్పులు ముళ్ల బాటలలో తిరిగే రైతుకూ, గొర్రెల కాపరికీ రక్షణగా ఉండేవి.

వీటిని తయారుచేసిన చర్మకారుడు, తొడుగబోయేవాని పాదాన్ని కళ్లారా చూచి కొలిచేవాడు. బిగువైతే సడలించి ఇచ్చేవాడు. అట్టి నేర్పుతో చెప్పులు కుట్టినవారే కొన్ని వీధులలో వాటిని చేతపట్టుకొని వట్టి కాళ్లతో నడువవలసి వచ్చిన దురాచారం కూడా మన సాంఘిక చరిత్రలో భాగమే. పాదానికి రక్షణ ఏ ఒక్కరి హోదాకూ సంబంధించినది కాదు. అది ప్రతి మనిషికీ ఆరోగ్యావసరం.

నడకలోని నిర్మాణ రహస్యం

ఒక్కొక్క పాదంలో 26 ఎముకలు ఉన్నాయి. అనగా మానవ దేహంలోని 206 ఎముకలలో నాలుగవ వంతు రెండు పాదాలలోనే ఇమిడి ఉన్నవి. ఈ చిన్న ఎముకలు కమాను వలె అమరి, కండరాలతోనూ గట్టి తంతువులతోనూ బిగింపబడి ఉంటాయి. అడుగు వేసినప్పుడు ఆ కమాను కొద్దిగా అణగి అదురును గ్రహిస్తుంది, మరల లేచి దేహాన్ని ముందుకు నెట్టడానికి తోడ్పడుతుంది.

నడకలో మొదట మడమ నేలను తాకుతుంది. తరువాత దేహభారం పాదపు వెలుపలి అంచు మీదుగా సాగి వేళ్ల మొదళ్లకు చేరుతుంది. చివరకు బొటనవేలు నేలను వెనుకకు నెట్టడంతో అడుగు పూర్తి అవుతుంది. రోజుకు 5000 అడుగులు వేసేవారి ఒక్కొక్క పాదం 2500 సార్లు ఈ పనిని చేస్తున్నదన్నమాట. అందుచేత పాదరక్షలోని చిన్న లోపం కూడా చిన్నదిగా మిగలదు. ఇరుకు చెప్పు వల్ల బొటనవేలు సరిగా పనిచేయకపోతే ఆ భారం ఇతర వేళ్ల మొదళ్లపై పడుతుంది. మడమ ఒకవైపు అరిగిపోయిన చెప్పు చీలమండను వంచుతుంది, ఆ వంపు మోకాలినీ నడుమునూ కూడా బాధించవచ్చు.

నడక వల్ల కలిగే మేలు పాదానికే పరిమితం కాదు. పిక్క కండరాలు ముడుచుకొన్నప్పుడెల్లా కాళ్లలోని రక్తాన్ని గుండెవైపు పైకి పంపుతాయి. భోజనానంతరం కొద్దిసేపు నడిస్తే రక్తంలోని చక్కెర తగ్గుతుంది. పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు చురుకుగా నడిస్తే ఆ లెక్క సరిపోతుంది. మాటలాడడానికి వీలై, పాట పాడడానికి ఊపిరి చాలని వేగం ఇందుకు తగినది. అలవాటు లేనివారు పది నిమిషాలతో ప్రారంభించి క్రమంగా పెంచుకోవాలి. అడుగులు మరీ బారుగా వేయరాదు. చూపు పాదాల మీద గాక కొన్ని గజాల ముందున నిలపాలి. బరువైన సంచిని ఎప్పుడూ ఒకే భుజానికి తగిలించుకోరాదు.

పసి పాదాలు

పసిపిల్లల అరికాలు చదునుగా ఉంటుంది. వయస్సు పెరిగినకొద్దీ కమాను ఏర్పడుతుంది. ఈ దశలో పాదరక్షల ప్రభావాన్ని గురించి మన దేశంలోనే ఒక ముఖ్యమైన పరిశోధన జరిగింది. ఉదయ భాస్కర రావు, బెంజమిన్ జోసెఫ్ అనే వైద్యులు 4 నుండి 13 సంవత్సరాల వయస్సు గల 2300 మంది పిల్లల పాదముద్రలను పరిశీలించి, ఫలితాలను 1992లో ప్రకటించినారు. పాదరక్షలు ధరించే పిల్లలలో నూటికి 8.6 మందికి చదును పాదాలు ఉండగా, ధరించని పిల్లలలో 2.8 మందికి మాత్రమే ఉన్నట్లు తేలింది. వేళ్లను పూర్తిగా కప్పే బూట్లు తొడిగేవారిలో ఈ లక్షణం ఎక్కువగానూ, చెప్పులు తొడిగేవారిలో తక్కువగానూ కనిపించింది.

చదును పాదం అన్ని వేళలా వ్యాధి కాదు. నొప్పి లేనిచో చాలమందికి చికిత్స అవసరం ఉండదు. అయినా ఈ పరిశోధన తల్లిదండ్రులకు ఒక హితవు చెబుతున్నది. నడక నేర్చే బిడ్డకు గట్టి బూట్లు తొడిగి ముచ్చట తీర్చుకోనవసరం లేదు. శుభ్రమైన ఇంటిలో, పరిశుభ్రమైన నేలపై వట్టి కాళ్లతో ఆడుకోనివ్వడమే మంచిది. బడికి వెళ్లే పిల్లలకు వచ్చే ఏటికి కూడా పనికివస్తాయని పెద్ద బూట్లు కొనడం మన ఇళ్లలో పరిపాటి. వాటిలో పాదం నిలువక జారుతుంది. తరువాత అవే బూట్లు ఇరుకైపోయినా, ఇంకా చిరగలేదని తొడిగిస్తూ ఉంటాము. రెండూ హానికరమే.

అంకె చెప్పని సంగతి

చర్మకారుడు పాదాన్ని కొలిచే కాలం గడచి, కర్మాగారం అంకెను ముద్రించే కాలం వచ్చింది. మన దుకాణాలలో చిరకాలంగా వాడుకలో ఉన్న అంకెలు ఇంగ్లండు నుండి వచ్చినవి. ఆ పద్ధతిలో ఒక అంకెకూ మరొక అంకెకూ మధ్య తేడా అంగుళంలో మూడవ వంతు, అనగా పూర్వం అక్కడ కొలతకు వాడిన ఒక బార్లీ గింజ పొడవు. ఆ అంకె పాదపు పొడవును మాత్రమే చెబుతుంది, వెడల్పును చెప్పదు.

భారతీయుల పాదాల కొలతలు తెలుసుకొనేందుకు చెన్నైలోని కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో దేశవ్యాప్తంగా సర్వే జరిగింది. 2021 డిసెంబరు నుండి 2022 మార్చి వరకు 79 చోట్ల 1,01,880 మంది పాదాలను యంత్రాల సహాయంతో కొలిచినారు. వివిధ ప్రాంతాలవారికి వేర్వేరుగా కనీసం 5 కొలత పద్ధతులు అవసరమవుతాయని మొదట భావించినారు. సర్వే పూర్తి అయిన తరువాత, దేశ ప్రజలందరికీ ఒకే పద్ధతి సరిపోతుందని తేలింది. ప్రతిపాదిత పద్ధతికి భారతదేశ నామంలోని తొలి అక్షరమైన ‘భా’ అని పేరు పెట్టినారు. పాబు తొడిగే పాదమూ, కిర్రుచెప్పు తొడిగే పాదమూ ఒకే కొలతల పట్టికలో ఇమిడినాయి.

సర్వేలో తేలిన మరొక అంశం ఆరోగ్యదృష్ట్యా ముఖ్యమైనది. సగటు భారతీయుని పాదం ఐరోపా, అమెరికా వాసుల పాదం కంటె వెడల్పు. ఆ దేశాల కొలతలతో తయారైన బూటు మనకు పక్కల బిగుస్తుంది. బిగువు తప్పించుకోవడానికి మనం పొడవైన బూటు కొంటాము. అప్పుడు పాదం ముందుకు వెనుకకు జారి బొబ్బలు పుడతాయి, ఆనెలు కాస్తాయి, బొటనవేలు పక్కకు ఒరగడం కూడా జరుగవచ్చు. మడమ ఎత్తు చెప్పులు ఇందుకు మరింత దోహదం చేస్తాయి. మడమ ఎత్తు పెరిగినకొద్దీ దేహభారం వేళ్ల మొదళ్లపై పడుతుంది. నిత్యం వాటినే ధరిస్తే పిక్క కండరాలు కురచబారుతాయి.

వట్టి కాళ్ల నడక

అట్లయితే పాదరక్షలు మానివేయడమే మేలు గదా అని పాఠకులకు తోచవచ్చు. అది సరికాదు. మలంతో కలుషితమైన తడినేలలో కొంకిపురుగు పిల్లలు పొంచి ఉంటాయి. అవి వట్టి కాలి చర్మాన్ని తొలుచుకొని లోపలికి ప్రవేశించి, రక్తంతోపాటు ఊపిరితిత్తులకూ, అక్కడినుండి గొంతు మార్గంగా చిన్నప్రేగుకూ చేరి రక్తాన్ని పీలుస్తాయి. క్రమంగా రక్తహీనత కలుగుతుంది. కూలి పనికి వెళ్లే స్త్రీలకూ, ఎదిగే పిల్లలకూ ఇది తీరని నష్టం. మరుగుదొడ్ల వాడకంతోపాటు చెప్పుల వాడకం కూడా దీనికి నివారణోపాయం. మేకులూ, గాజుపెంకులూ గుచ్చుకొన్నప్పుడు ధనుర్వాతం భయం ఉండనే ఉన్నది.

బాధ తెలియని పాదం

ఇంతవరకు చెప్పినది బాధ తెలిసే పాదాన్ని గురించి. చెప్పులో రాయి పడితే అట్టి పాదం వెంటనే హెచ్చరిస్తుంది. మనం ఆగి దానిని దులుపుకొంటాము. ఆ హెచ్చరిక అందని పాదం సంగతి ఏమిటి?

ఈ ప్రశ్నకు సమాధానం వెదకినవారిలో అగ్రగణ్యుడు, తమిళనాడులోని కొల్లి కొండలలో జన్మించి, 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చేరిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్. కుష్ఠువ్యాధి వల్ల మాంసం దానంతటదే కుళ్లిపోతుందని ఆనాటి లోకాభిప్రాయం. వ్యాధి వల్ల నరాలు దెబ్బతిని స్పర్శ పోవడం, ఆ పాదంతోనే గాయాన్ని గుర్తింపక నడవడం పుండ్లకు అసలు కారణమని బ్రాండూ, ఆయన సహచరులూ నిరూపించినారు. కనుక పుండుకు మందెంత ముఖ్యమో పాదరక్ష కూడా అంతే ముఖ్యమైనది. లోపల మెత్తని సూక్ష్మరంధ్రాల రబ్బరు, అడుగున గట్టి రబ్బరు, మడమ వెనుక పట్టీ కలిగి, ఒక్క మేకు కూడా లేని చెప్పులు వాడుకలోకి వచ్చినాయి. జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం క్రింద స్పర్శ కోల్పోయిన రోగులకు వీటిని ఉచితంగా ఇస్తున్నారు.

ఆ పాఠం ఇప్పుడు మరింత విస్తృతంగా అవసరమైనది. 2021 నాటికి దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉన్నట్లు భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. చిరకాలం చక్కెర అదుపులో లేకపోతే పాదాల నరాలు మొద్దుబారుతాయి, రక్తప్రసరణ కూడా తగ్గుతుంది. ఇట్టివారు చెప్పులో చిన్న రాయితోనే రోజంతా తిరిగి, సాయంత్రం రక్తపు మరక చూచి గాని గాయాన్ని గుర్తింపరు. ఆ గాయం మానక కాలినే తీసివేయవలసిన స్థితి వస్తుంది. నొప్పి లేదు గనుక ప్రమాదం లేదనుకోవడమే ఇక్కడ మహా ప్రమాదం.

మధుమేహం గలవారు ఇంటిలో కూడా చెప్పులు లేకుండా తిరుగరాదు. చెప్పులో కాలు పెట్టేముందు లోపల చేతితో తడిమి చూడాలి. ప్రతి రాత్రి పాదాలు కడుగుకొని, వేళ్ల సందులను పొడిగా తుడిచి, అరికాలిని అద్దంలో పరిశీలించుకోవాలి. ఆనెలను బ్లేడుతో కోసుకోరాదు. దేవాలయాలలో ఎండకు కాగిన రాతిపలకలపై బొబ్బలెక్కినా తెలియదు కనుక ఉదయమో సాయంకాలమో దర్శనానికి వెళ్లాలి, అనుమతి ఉన్నచోట మేజోళ్లు ధరించాలి. ఏడాదికి ఒక్కసారైనా వైద్యుని వద్ద పాదాల స్పర్శను పరీక్ష చేయించుకోవాలి. సన్నని నైలాను తంతువును అరికాలికి ఆనించి చేసే ఈ పరీక్షకు కొద్ది నిమిషాలు చాలు.

కొనేటప్పుడు గమనింపవలసినవి

సాయంకాలానికి పాదాలు కొద్దిగా ఉబ్బుతాయి, కనుక పాదరక్షలు ఆ వేళనే కొనాలి. ఇద్దరు మనుష్యుల పాదాలే కాదు, ఒకే మనిషి రెండు పాదాలు కూడా సమానంగా ఉండవు. రెంటినీ నిలబడి కొలిపించుకొని, పెద్ద పాదానికి సరిపడేదానిని ఎంచుకోవాలి. పొడవైన వేలి ముందు సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. కాగితంపై పాదాన్ని ఉంచి చుట్టూ గీత గీచి, దానిపై బూటును పెట్టి చూడండి. గీత బూటు వెలుపలికి వస్తే ఆ బూటు మీది కాదు. వాడగా వాడగా సాగి సరిపోతుందన్న మాట నమ్మరాదు. ఎక్కువ దూరం నడిచేవారికి మడమ వెనుక పట్టీ ఉన్న చెప్పులు మేలు. పట్టీ లేని చెప్పును పట్టి ఉంచేందుకు వేళ్లు అడుగడుగునా శ్రమపడుతాయి. అడుగుభాగం అరిగిన చెప్పులు తడి నేలపై జారుతాయి, వాటిని వెంటనే మార్చుకోవాలి.

పాదానికి తగినట్లుగా పాదరక్ష ఉండాలి గాని, పాదరక్షకు తగినట్లుగా పాదాన్ని కుదించుకోరాదు. ఇక బాధను తెలుపలేని పాదానికి ఇతరుల కళ్లు తోడు కావాలి. పరుల బాధ తెలుసుకోవడానికి మన మడమ పగలనవసరం లేదు. ఇంటిలోని వృద్ధులకు వంగి తమ అరికాలిని చూచుకొనే శక్తి ఉండకపోవచ్చు. రాత్రి పడుకోబోయేముందు వారి పాదాలను మనం దీపపు వెలుగులో ఒకసారి పరిశీలించడం వల్ల ఒక కాలు నిలువవచ్చు.