చర్మాన్ని కోయని మెషిన్

రేపు ఆపరేషన్ అంటే ఇవాళ సాయంత్రమే బ్లేడు, సబ్బునీళ్లు మంచం దగ్గరికి వచ్చేవి. 'పార్ట్ ప్రిపరేషన్' అని దానికి పేరు. వెంట్రుకల్లో మురికి, మురికిలో క్రిములు. నున్నగా గీసేస్తే గాయం చీము పట్టదని నమ్మకం. వినడానికి సబబుగానే ఉండేది కాబట్టి ప్రశ్నించినవాళ్లు తక్కువ.

1971లో అమెరికాలో సెరోపియన్, రేనాల్డ్స్ 406 మంది రోగుల లెక్క తీశారు. బ్లేడుతో గీసినవాళ్లలో 5.6 శాతం మందికి గాయం చీము పట్టింది. వెంట్రుకలు ఊడగొట్టే క్రీము రాసినవాళ్లలో, అసలేమీ తీయనివాళ్లలో అది 0.6 శాతమే. ఆపరేషన్‌కు కాస్త ముందు గీస్తే 3.1 శాతం, 24 గంటలకు పైగా ముందే గీసేస్తే 20 శాతం దాటింది. ముందు జాగ్రత్తే కొంప ముంచిందన్నమాట!

కారణం చర్మంలోనే ఉంది. చర్మం అద్దంలా చదునుగా ఉండదు, అంతటా మిట్టపల్లాలే. బ్లేడు ఆ మిట్టల తలలు చెక్కుకుంటూ పోతుంది. కంటికి ఆనని ఆ గాట్లలో ద్రవం ఊరుతుంది. చర్మం మీద ఎప్పుడూ కాపురముండే స్టెఫిలోకాకస్ లాంటి బాక్టీరియా అక్కడ చేరి, తెల్లారేసరికి సంతానాన్ని పెంచుకుంటుంది. సర్జన్ కత్తి పెట్టేది సరిగ్గా అక్కడే.

దీనికి మందు మంగలి షాపులోనే ఉంది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం స్టెర్లింగ్ ఊళ్లో లియో వాల్ 1919లో కరెంటు క్లిప్పర్‌కు, అంటే జుట్టు కత్తిరించే మెషిన్‌కు, పేటెంట్ కోరాడు. తీగచుట్టలో కరెంటు పారినప్పుడల్లా అయస్కాంతం పుట్టి, పైనున్న పళ్ల పట్టీని అటూ ఇటూ ఆడిస్తుంది. కింది పట్టీ కదలదు. అది చర్మం మీద పడుకుని వెంట్రుకను పళ్ల సందులోకి తీసుకుంటుంది. తెగేది ఆ సందులోనే. కోత అంచుకూ చర్మానికీ మధ్య కింది పట్టీ మందం అడ్డుంటుంది కాబట్టి రవ్వంత మోడు మిగిలిపోతుంది. గడ్డానికైతే అది లోపం. ఆపరేషన్‌కు ఆ మోడే రక్ష. ఆసుపత్రి క్లిప్పర్ బ్యాటరీతో నడుస్తుంది. దాని తలను ఒక రోగికి వాడాక పారేస్తారు.

ఇక ఇందాక చెప్పిన క్రీము సంగతి. అది వెంట్రుకలోని కెరాటిన్ బంధాల్ని తెంచి మెత్తబరుస్తుంది. గాట్లు పడవు గానీ కొందరికి ఒళ్లు మండి దద్దుర్లు లేస్తాయి.

కెనడాలోని కాల్గరీలో క్రూజ్, ఫోర్డ్ 23,649 గాయాల మీద చేసి 1973లో ప్రచురించిన పరిశీలన నాకు మరీ ముఖ్యమనిపిస్తుంది. గీసినవాళ్లలో చీము 2.3 శాతం, క్లిప్పర్ వాడినచోట 1.7, రెండూ చేయనిచోట 0.9. మెషిన్ బ్లేడు కన్నా మేలే. వెంట్రుకల జోలికి పోకపోవడం అంతకన్నా మేలు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థా అదే చెప్పింది: వెంట్రుకలు తీయొద్దు, తప్పనిసరైతే క్లిప్పర్‌తోనే తీయాలి, బ్లేడు ఎప్పుడూ వద్దు.

ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాక ఇంట్లో సొంతంగా గీసుకుని వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి అది మానండి. శుభ్రంగా స్నానం చేసి వెళ్లండి. వెంట్రుకలు తీయాలా వద్దా అన్నది థియేటర్‌కు తీసుకెళ్లే ముందు డాక్టర్లు చూసుకుంటారు. అప్పటికీ అక్కడ ఎవరి చేతిలోనైనా బ్లేడు కనిపిస్తే, 'క్లిప్పర్ లేదా అండీ?' అని అడగడానికి మొహమాటపడకండి.