బడి మానిన మెట్ట జనానికి పట్టా చదువు అందేదెలా?

ఉదయగిరి: వానలు మొహం చాటేసిన ఏడాది ఈ మెట్ట ప్రాంతంలో పైరుతో పాటు పిల్లల చదువూ ఎండిపోతుంది. తల్లిదండ్రులు బెంగుళూరుకో, చెన్నైకో కూలికి పోతే వెంట పోయిన పిల్లలు కొందరు. గొర్రెల వెంట, బర్రెల వెంట పడినవారు కొందరు. దుర్గం కొండ కింద నర్ది, కలివి కొయ్యతో గరిటెలు, చెంచాలు చెక్కే ఇళ్లలో పలక వదిలి ఉలి పట్టినవారూ లేకపోలేదు. ఇలా ఐదులోనో, ఏడులోనో బడి మానినవారు నేడు ముప్ఫై, నలభై ఏళ్ల వయసుకు వచ్చారు. పిల్లలను కాలేజీ బస్సు ఎక్కించి వచ్చి, తమకిక ఆ రాత లేదనుకుంటున్నారు.

పదో తరగతి సర్టిఫికెట్ లేనివారిని విశ్వవిద్యాలయం రానిస్తుందా? ఒకప్పుడు నేరుగా రానిచ్చింది. ఇప్పుడూ దారి ఉంది గాని, అది చుట్టుదారి. ఈ తేడా తెలియక దళారుల చేతిలో డబ్బు పోగొట్టుకునేవారు కొందరైతే, అసలు దారే లేదనుకొని ఊరుకునేవారు ఎందరో.

దుర్గాబాయమ్మ చదువు

పెద్దయ్యాక చదువు మొదలుపెట్టి పట్టా పుచ్చుకున్న తెలుగువారిలో ముందుగా చెప్పుకోవలసింది దుర్గాబాయి దేశ్‌ముఖ్ గురించి. 1909లో రాజమండ్రిలో పుట్టిన ఆమెకు ఎనిమిదో ఏటనే పెళ్లి చేశారు. బడిలో ఇంగ్లీషులో పాఠాలు చెప్పడం నచ్చక చిన్నతనంలోనే బడి విడిచిపెట్టి, తానే ఆడపిల్లలకు హిందీ నేర్పే పాఠశాల పెట్టారు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో దిగి జైలుకు వెళ్లారు. మదురై జైలులో ఒంటరి కొట్టులో ఉంచారు. జైలు బాధలు ముగిసి బయటపడేసరికి ఇరవై దాటిన వయసు, చేతిలో ఒక్క సర్టిఫికెట్ లేదు.

అప్పుడు మొదలుపెట్టారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం వారి మెట్రిక్ పరీక్షకు కూర్చొని నెగ్గారు. ఇంటర్ కూడా అక్కడిదే. తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఎ. ఆనర్స్ చేశారు. అక్కడ ఆడవారికి హాస్టల్ లేదంటే ఆ ఏర్పాటు చేయించుకొని మరీ చదివారు. 1942లో మద్రాసులో లా పట్టా పుచ్చుకొని లాయరయ్యారు. ఆ తర్వాత దేశానికి రాజ్యాంగం రాసిన సభలో కూర్చున్నారు.

తన చదువుతో ఆమె ఆగలేదు. 1937లో మద్రాసులో స్థాపించిన ఆంధ్ర మహిళా సభలో, బడి మానిన ఆడవారికి పాఠాలు చెప్పించి అదే బెనారస్ మెట్రిక్‌కు పంపించేవారు. ఆమె నడిపిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లో దేశమంతటా ఇటువంటి సంక్షిప్త కోర్సులు పెట్టించింది. వితంతువులు, భర్త వదిలేసినవారు వాటిలో చదివి టీచర్లు, నర్సులు అయ్యారు.

1982లో తెరిచిన తలుపు

ఇంగ్లండులో 1969లో సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఏ సర్టిఫికెట్టూ అడగకుండా 1971లో సుమారు 24 వేల మందిని చేర్చుకొని, రేడియో, టెలివిజన్, పోస్టు ద్వారా పాఠాలు చెప్పింది. ఆ నమూనా మన దేశంలో మొదట అందుకున్నది తెలుగువారే. 1982 ఆగస్టు 26న నాగార్జునసాగర్‌లో నాటి రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్ ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని ప్రారంభించారు. దేశంలో అదే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఆచార్య జి. రాంరెడ్డి మొదటి వైస్‌ఛాన్సలర్. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దానికీ ఆయననే పిలిచారు. మనవారి విశ్వవిద్యాలయానికి 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు.

దాని గొప్పతనం అర్హత పరీక్ష. టి.సి. లేదు, మార్కుల జాబితా లేదు. వయసు నిండినవారు ఒక్క పరీక్ష రాసి నెగ్గితే బి.ఎ., బి.కాం.లో సీటు. తెలుగులో అచ్చువేసిన పుస్తకాలు, ఆదివారాల్లో కాలేజీలలో తరగతులు, రేడియోలో పాఠాలు. బస్ కండక్టర్లు, బంట్రోతులు, గృహిణులు ఈ తలుపు గుండానే పట్టభద్రులయ్యారు. 1985లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యు.జి.సి.) కూడా దూరవిద్యకు సంబంధించి ఇదే ఒప్పుకుంది. చదువు రికార్డు లేకపోయినా, జులై 1 నాటికి 21 ఏళ్లు నిండి ప్రవేశ పరీక్ష పాసైతే చాలన్నది.

పట్టా ఉన్నా పేచీ

పట్టా చేతికొచ్చాక అసలు చిక్కు మొదలైంది. డిగ్రీ ఉంది, ఇంటర్ ఏదని అడిగేవారు బయలుదేరారు. 2008లో బార్ కౌన్సిల్ తన నియమాలలో, కింది చదువులు లేకుండా నేరుగా ఓపెన్ డిగ్రీ చేసినవారికి లా కోర్సులో ప్రవేశం లేదని రాసింది. మొదటి డిగ్రీ లేకుండా నేరుగా తీసుకున్న పి.జి. చెల్లదని 2009లో సుప్రీం కోర్టు అన్నది. చివరికి యు.జి.సి. దూరవిద్య నిబంధనలు కూడా బిగిశాయి. నేడు డిగ్రీ ప్రవేశ ప్రకటనల్లో ఇంటర్ లేదా దానికి సమానమైన చదువు అడుగుతున్నారు.

పరీక్ష పెట్టి నెగ్గాకే కదా చేర్చుకున్నది! మూడేళ్లు పొలం పని చేసుకుంటూ చదివి పాసైన మనిషిని, తీరా పట్టా చూపించాక వెనక్కి పంపడం న్యాయమనిపించుకోదు. ఏదేమైనా కొత్తగా మొదలుపెట్టేవారు ఆ పాత దారి నమ్ముకోరాదు.

ఇప్పటి దారి ఇదీ

నేటి దారి ఓపెన్ స్కూలు మీదుగా పోతుంది. రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం 1991 నుంచి ఉంది. పద్నాలుగేళ్లు నిండిన వారెవరైనా నేరుగా పదిలో చేరవచ్చు. పై వయసుకు హద్దు లేదు. ఐదు సబ్జెక్టులు ఎంచుకోవాలి, ఒక్కొక్కదానిలో 35 మార్కులు రావాలి. ఒకేసారి అన్నీ పాస్ కానక్కరలేదు. నెగ్గినవి అలాగే ఉంటాయి, మిగిలినవి మళ్లీ రాసుకోవచ్చు. లెక్కలంటే భయపడేవారు వాటి బదులు గృహవిజ్ఞానం వంటివి తీసుకునే వీలుంది. అయితే ముందు ముందు ఏ ఉద్యోగం తలచుకున్నారో దానికి ఏ సబ్జెక్టు కావాలో చూసుకున్నాకే లెక్కలు వదలాలి.

పది పాసైనాక అక్కడే ఇంటర్. ఆపైన డిగ్రీ. ముప్ఫై ఏళ్లకు మొదలుపెట్టినవారు ఆగకుండా పోతే ముప్ఫై ఆరు, ముప్ఫై ఏడుకు పట్టభద్రులు. ఈ దారిలో వచ్చిన పట్టాకు పది, ఇంటర్ రెండూ కింద ఉంటాయి గనుక పాత పేచీ రాదు.

ఆడవారు ఒక్క సంగతి గమనించాలి. ఆధార్‌లో అత్తవారి ఇంటిపేరు, పాత బడి రికార్డులో పుట్టింటి పేరు ఉంటే చిక్కే. పదో తరగతి సర్టిఫికెట్‌పై పడిన పేరు, పుట్టిన తేదీ జీవితాంతం వెంట వస్తాయి. దరఖాస్తుకు ముందే రెండూ ఒకటిగా చేయించుకోవాలి.

"పరీక్ష రాయనక్కరలేదు, ఆరు నెలల్లో డిగ్రీ" అని ఊళ్లకు వచ్చేవారికి రూపాయి కూడా ఇవ్వరాదు. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను యు.జి.సి.యే ప్రకటిస్తుంటుంది. దూరవిద్యకు ఏ సంస్థకు అనుమతి ఉన్నదీ కూడా అదే చెబుతుంది. అంబేద్కర్ విశ్వవిద్యాలయం ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉన్నందున, 2014 విభజన తర్వాత అందులో చేరదలచిన ఆంధ్రవారు ఆ ఏడాది ప్రకటన చూసుకొని, తమ జిల్లాకు అవకాశం ఉన్నదీ లేనిదీ నిర్ధారించుకున్న తర్వాతే ఫీజు కట్టాలి.

ఓపెన్ స్కూలు అధ్యయన కేంద్రాలు ఉన్నత పాఠశాలల్లో నడుస్తాయి. తరగతులు సెలవు రోజుల్లో ఉంటాయి గనుక కూలి పోదు. ప్రకటన వచ్చే సమయానికి దగ్గరలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుని గాని, మండల విద్యాశాఖ కార్యాలయంలో గాని అడిగితే కేంద్రం ఎక్కడున్నదీ చెబుతారు. వెళ్లేటప్పుడు ఆధార్, ఫొటోలు, పుట్టిన తేదీ ధ్రువపత్రం, ఎంత పాతదైనా సరే బడి రికార్డు దొరికితే అదీ తీసుకెళ్లాలి.